ఎర్రగుంట్ల కూడలిలో నాలుగు విశ్వవిద్యాలయములు

ఎర్రగుంట్ల పేరు చెప్పగానే కడప జిల్లా వారికి స్ఫురించునవి నాపరాళ్ళు, సిమెంటు కర్మాగారములు, కలమళ్ల కడనున్న రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రపు పొగగొట్టములు, మద్రాసు నుండి బొంబాయికి పోవు రైలుమార్గములోని జంక్షను. విద్యాసంస్థలు మాత్రము కావు. అయినను ఆ జంక్షనులో దిగి నలువైపుల పరికించినచో వింతయైన సంగతి యొకటి గోచరించును. ఉత్తరముగా ప్రొద్దుటూరికి పోయినయెడల అచట యోగి వేమన విశ్వవిద్యాలయము వారి ఇంజనీరింగు కళాశాల కలదు. ఆ ప్రొద్దుటూరిలోనే శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందిన పశువైద్య కళాశాలయు కలదు. నైరుతిగా ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయినచో అనంతపురము జె.ఎన్.టి.యు. వారి ఇంజనీరింగు కళాశాల. దక్షిణముగా వేంపల్లె వైపు సాగినచో ఇడుపులపాయలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము, అనగా జనులు ట్రిపుల్ ఐటీ యని పిలుచుకొను విద్యాలయము. జమ్మలమడుగు, ముద్దనూరు ప్రాంతముల డిగ్రీ విద్యార్థుల పరీక్షలు యోగి వేమన వారి చేతిలో నున్నవి. ఒక్క దినపు బస్సు ప్రయాణములో నాలుగు ప్రభుత్వ విశ్వవిద్యాలయముల ముంగిళ్ళు చూచి రాగల పల్లెసీమలు మన రాష్ట్రమున అరుదు.

ఈ నాలుగింటికిని నాలుగు చట్టములు, నలుగురు వైస్ ఛాన్సలర్లు, నాలుగు పరీక్షా విభాగములు, నాలుగు విధములైన కంప్యూటరు పద్ధతులు. ఎర్రగుంట్లలోని ఒక యింటి పెద్దబ్బాయి పులివెందులలోను, నడిమి పిల్ల ఇడుపులపాయలోను, చిన్నవాడు ప్రొద్దుటూరు డిగ్రీ కళాశాలలోను చదువుచున్నారనుకొందము. ఆ బిడ్డల ఫీజు, హాజరు, మార్కులు తెలిసికొనుటకు ఆ తండ్రి మూడు చోట్ల మూడు పాస్‌వర్డులతో ప్రవేశింపవలెను. ఫీజు రీయింబర్స్‌మెంటు సంగతికి జ్ఞానభూమి యను నాలుగవ గుమ్మము తట్టవలెను. ఇవి యేవియు పొసగనినాడు బజారులోని నెట్ సెంటరు కుఱ్ఱవానికి ఇరువదో ముప్పదో సమర్పింపవలెను. ఈ యింటి అరుగు మీద కూర్చుండి చూచినప్పుడు, “విశ్వవిద్యాలయ సమాచార సాంకేతిక ప్రణాళిక” యను బరువైన మాట కొంత తేలికపడును. ఏ వివరము ఎవరియొద్ద పుట్టవలెను, ఎవరియొద్ద నిలువవలెను, ఎవరికెప్పుడు అందవలెను, తప్పు దొర్లినపుడు దిద్దు అధికారము ఎవరిది అను నాలుగు ప్రశ్నలకు ముందుగా వ్రాతపూర్వకమైన సమాధానము చెప్పుకొనుటయే ఆ ప్రణాళిక. యంత్రముల కొనుగోలు ఆ తరువాతి మాట. మన కార్యాలయములలో మాత్రము కొనుగోలే మొదటి మాటగా ఉండును. కొనుగోలుకు బడ్జెటులో పద్దు ఉండును గాని, ఆలోచనకు పద్దు లేదు గదా!

పైని చెప్పిన నాలుగింటిలో కంప్యూటరునే పునాదిరాయిగా వేసికొని పుట్టినది ఇడుపులపాయ సంస్థ. 2008 లో శాసనసభ చేసిన చట్టముచేత బాసర, నూజివీడు, ఇడుపులపాయ అను మూడు చోట్ల ఒకేసారి ప్రాంగణములు వెలసెను. పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులను మార్కులను బట్టి చేర్చుకొని, ప్రభుత్వ పాఠశాలలలో చదివిన వారికి గ్రేడులో 0.4 అదనముగా కలిపి, ఆరు సంవత్సరములు అచటనే ఉంచుకొని ఇంజనీరింగు పట్టముతో పంపుట దాని సంకల్పము. తొలి ఛాన్సలరు, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమ మేధయందు చేసిన కృషికి 1994 లో ట్యూరింగ్ పురస్కారము నందిన ఆచార్య రాజ్ రెడ్డి. వేలకొలది బాలబాలికలను ఒక్కమారుగా చేర్చుకొనినపుడు వారికి చాలినంత మంది నిపుణులైన అధ్యాపకులు దొరకరను కఠిన సత్యమును దాచిపెట్టక అంగీకరించి, పాఠములను ముందుగా చిత్రీకరించి, ప్రతి విద్యార్థికి ఒక ల్యాప్‌టాప్ నిచ్చి, ప్రాంగణమంతట నెట్‌వర్కు పఱచి, తరగతిలో సందేహములు తీర్చుటకు మెంటర్లను నిలిపి, ఆ కొఱతను పూరింపవచ్చునని దానిని నెలకొల్పిన పెద్దలు తలపోసిరి. ఇచట ఇబ్బంది ముందు కనబడినది, యంత్రము దాని వెంట వచ్చినది. ప్రణాళిక యనదగినది ఆ వరుసలోనే పుట్టును. తక్కిన విశ్వవిద్యాలయములలో సామాన్యముగా యంత్రము ముందు వచ్చును, దానితో ఏమి చేయవలెనను కమిటీ వెనుక వచ్చును.

అయినను మంచి సంకల్పమునకు కూడ లెక్క యొకటి ఉండును. ఏటికి వేయిమంది చేరుదురని లెక్కకు పెట్టుకొన్నను, ఆరవ యేటికి ఒక ప్రాంగణములో 6000 ల్యాప్‌టాపులు పోగగును. యంత్రమునకు 60 వాట్ల చొప్పున, రాత్రి భోజనములైన తరువాత అందఱును ఒక్కసారిగా చార్జింగుకు తగిలించినచో 360 కిలోవాట్లు. వసతిగృహములలోని వైరింగు ఆ బరువును మోయునట్లు గోడలు కట్టునాడే తలంపవలెను. బ్యాటరీ ఆయుర్దాయము రెండు మూడేండ్లు, చదువు ఆరేండ్లు. అనగా ప్రతి విద్యార్థికిని చదువు నడుమ ఒకటి రెండు మార్లు మరమ్మతు తప్పదు. చిత్రీకరించిన పాఠము, సిలబసు మాఱిననాడు పాతబడును. ఇవన్నియు తొలియేటి బడ్జెటులో కానరాని ఖర్చులు. నాలుగవ యేట ఒక్కుమ్మడిగా తలుపు తట్టునవి. పైగా 2014 లో రాష్ట్రము విభజింపబడినపుడు బాసర తెలంగాణకు పోయెను. నూజివీడు, ఇడుపులపాయ మన పాలైనవి. 2016 లో ఒంగోలు, శ్రీకాకుళము ప్రాంగణములు వచ్చి చేరెను. మూడు కాళ్ళతో నిలుచుటకు గీసిన చిత్రపటము రెండు కాళ్ళ మీదను, మఱల నాలుగు కాళ్ళ మీదను నిలువవలసి వచ్చెను. ప్రణాళిక వ్రాయువారు సంస్థ పెరుగుటను ఊహింతురు గాని, చీలుటను ఊహింపరు. తెలుగుదేశమున మాత్రము విశ్వవిద్యాలయములు చీలుచునే యున్నవి: 1972 నాటి జె.ఎన్.టి.యు. 2008 లో హైదరాబాదు, కాకినాడ, అనంతపురములుగా విడిపోయెను. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము కడపలో 1977 లో నెలకొల్పిన పోస్టు గ్రాడ్యుయేటు కేంద్రమే 2006 లో యోగి వేమన విశ్వవిద్యాలయముగా రూపొందెను.

ఈ చీలికల ఫలితము సామాన్యునికి ఒక కాగితము రూపమున తగులును. 2006 కు ముందు కడప కేంద్రమున చదివినవాని పట్టము తిరుపతిది. ఆ నాటి మార్కుల రిజిస్టరులు తిరుపతివి. నేడు ఉద్యోగమిచ్చు సంస్థ వాని పట్టమును సరిచూడుమని లేఖ వ్రాసినచో, ఆ లేఖ ఎచటికి పోవలెనో వ్రాసినవానికి తెలియకపోవుట సహజము. పాత రిజిస్టరులను స్కాన్ చేసి, ఏ సంవత్సరపు ఏ పరీక్ష ఏ విశ్వవిద్యాలయము చేతిలో నున్నదో చెప్పు ఉమ్మడి సూచిక యొకటి సిద్ధపఱచుట, క్రొత్త సర్వర్లు కొనుటకంటె చవుకయైన పని. అయినను దానికి ప్రారంభోత్సవము లేదు, శిలాఫలకము లేదు.

ఇక పరీక్షల సంగతి. అనుబంధ కళాశాలలు గల విశ్వవిద్యాలయమునకు పరీక్షా విభాగమే గుండెకాయ. నామినల్ రోల్సు, హాల్ టికెట్లు, ఇంటర్నల్ మార్కులు, సప్లిమెంటరీ, రీవాల్యుయేషన్, ప్రొవిజనల్, ఒ.డి. (అసలు పట్టము), ఇవన్నియు అచటి నుండియే ప్రవహించును. మన డిగ్రీ కళాశాలలలో 2015–16 నుండి సెమిస్టరు పద్ధతి వచ్చినది. వార్షిక పరీక్షల కాలమున మూడేండ్లలో మూడుమార్లు సిద్ధము చేయు హాల్ టికెట్లు, నాటినుండి ఆఱుమార్లు సిద్ధము చేయవలసి వచ్చెను. తప్పిన పేపర్ల లెక్క అంతకు మించి పెరిగెను. 2020–21 లో పాఠ్యప్రణాళిక మఱల మాఱి ఇంటర్న్‌షిప్పులు ప్రవేశించినవి. 2023–24 లో మూడు ప్రధాన విషయముల స్థానమున ఒక్క మేజర్ విషయము వచ్చినది. విద్యావేత్తలు సమావేశమున ఒక వాక్యము తీర్మానించి లేచిపోవుదురు. ఆ వాక్యము సాఫ్ట్‌వేరులో ప్రవేశించుటకు నెలలు పట్టును. ఒప్పందములో లేని మార్పు గనుక కంపెనీ వేరుగా రుసుము అడుగును. ఫైలు కదలునంతలో పరీక్షలు ముంచుకొనివచ్చును. అప్పుడు గుమాస్తా ఎక్సెల్ పట్టిక తెఱచి చేతితో మార్కులెక్కించును. ఫలితములు ఆలస్యమైనపుడు పత్రికలు “సాంకేతిక లోపము” అని వ్రాయును. అది నిజమునకు సాంకేతిక లోపము కాదు; పాఠ్యనిర్ణయము చేయు సభలో పరీక్షా విభాగపు ప్రోగ్రామరునకు కుర్చీ లేకపోవుట. నా మట్టుకు నాకు, ఏ ప్రణాళికయందైనను మొదటి తీర్మానము ఆ కుర్చీని గూర్చియే ఉండవలెననిపించును.

పేర్ల చిక్కు మఱియొకటి. మన ప్రాంతమున ఇది చిన్నదిగా కొట్టివేయదగినది కాదు. పదవ తరగతి మెమోలో ఇంటిపేరు ముందుండును, ఆధార్‌లో వెనుకనుండును, బ్యాంకు పుస్తకములో పొడి అక్షరము మాత్రమే మిగులును. ఓబులేసు ఒకచోట ‘సు’తో ముగియును, మఱియొకచోట ‘ష్’తో ముగియును. పెద్ద ఓబన్న, చిన్న ఓబన్న యను అన్నదమ్ములలో ‘పెద్ద’ను ‘చిన్న’ను ఇంటిపేర్లనుకొని పొడి అక్షరములుగా కుదించిన గుమాస్తా పుణ్యమా యని, ఇద్దఱును వేఱు వేఱు వంశములవారై కూర్చుందురు. పూర్వము మనిషి మనిషిని చూచి నమ్మెడివాడు గనుక ఈ తేడాలు నడచిపోయెను. నేడట్లు కాదు. డిగ్రీ ప్రవేశములు 2020 నుండి రాష్ట్రమంతటికి ఒక్కటిగా ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ పద్ధతిలో సాగుచున్నవి. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2021 లో నియమములు చేసిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో విద్యార్థి గడించిన క్రెడిట్లు జమపడవలెను. పట్టములు డిజిలాకరులో నిలువవలెను. ఈ మూడు చోట్లను యంత్రము యంత్రముతో మాట్లాడుకొనును. దానికి ఓబులేసు వేఱు, ఓబులేష్ వేఱు. క్రెడిట్లు జమపడవు, ఫీజు నిలిచిపోవును, పిల్లవాడు నోటరీ కార్యాలయము చుట్టు తిరుగును.

మన దేశమున మీటరు గేజి, బ్రాడ్ గేజి రెండును నడచిన కాలమున, గుంతకల్లు వంటి జంక్షనులో ఒక గేజి బండిలో వచ్చిన సరకును దింపి, మఱియొక గేజి బండిలో ఎక్కింపవలసి వచ్చెడిది. రెండు మార్గములును మంచివే, రెండు బండ్లును మంచివే. నష్టము మాత్రము జంక్షనులో జరిగెడిది. విశ్వవిద్యాలయముల సాఫ్ట్‌వేరులును అట్టివే. ప్రతిదియు తన హద్దులో చక్కగా నడచును. విద్యార్థి వివరము ఒకదాని నుండి మఱియొకదానికి మాఱవలసిన చోట, చేతితో దింపి చేతితో ఎక్కించు పని మొదలగును. కనుక ప్రణాళికకు జీవము కొలతల ఏకత్వమున నున్నది: కళాశాలకు ఒకే సంకేతము, కోర్సునకు ఒకే సంకేతము, విద్యార్థికి జీవితాంతము ఒకే సంఖ్య, ఒక సాఫ్ట్‌వేరు అడిగినపుడు మఱియొకటి జవాబు చెప్పుటకు ముందే ఒప్పుకొనిన ద్వారము. వీనితోపాటు టెండరులో ఒక షరతు: ఒప్పందము ముగిసిననాడు సమస్త వివరములను ఎవరైనను తెఱచి చదువగల రూపమున కంపెనీ తిరిగి ఒప్పగింపవలెను. ఈ ఒక్క వాక్యము వ్రాయుట మఱచి, తమ మార్కులను తామే వెలయిచ్చి మఱల కొనుక్కొనవలసిన దుర్గతి పట్టిన సంస్థలు లోకమున తక్కువ కాదు.

అయితే ఏకత్వము పేరిట అన్నిటిని ఒక్క దెబ్బతో కలిపివేయబూనుటయు ప్రమాదమే. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు పది ప్రాంగణములు కలవు. జీతముల లెక్కకు 1980 ల నాటి ఒకే సాఫ్ట్‌వేరు నుండి పుట్టి, ఎవరికి వారు మార్పులు చేసికొనగా 11 రూపములుగా విడిపోయిన పాత పద్ధతి వారియొద్ద నుండెను. వీనినన్నిటిని తొలగించి ఒక్క క్రొత్త పద్ధతి పెట్టుటకు 2011 ప్రాంతమున పూనుకొనిరి. 2014 నాటికి ముగియునని ఆశ. 2017 లో ఆ రాష్ట్ర ఆడిటరు లెక్కచూచునప్పటికి అంచనా వ్యయము తొలి లెక్కను మించి 50 కోట్ల డాలర్లు దాటియుండెను, గడువు 2019 కి జరిగియుండెను. ధనము, నైపుణ్యము సమృద్ధిగా నున్నచోటనే ఇట్లయినది. పది ప్రాంగణములును జీతమిచ్చుటయను ఒక్క పనిని పది విధములుగా చేయుచు, పద్ధతి మార్చుకొనక సాఫ్ట్‌వేరును మాత్రము మార్చబూనినచో, ఆ పది విధములును క్రొత్త సాఫ్ట్‌వేరులోనికి దూరి కూర్చుండును. నియమములు ముందు ఏకము కావలెను, యంత్రము వెనుక ఏకము కావలెను.

కలిసి చేసిన పనులలో ఫలించినవియు ఉన్నవి. 1991 లో ఆరంభమై నేడు గాంధీనగరమున నున్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము దేశములోని విశ్వవిద్యాలయ గ్రంథాలయములను ముడివేసినది. 2009 నాటి నియమములు మొదలుకొని పరిశోధక వ్యాసములు డిజిటల్ రూపమున సమర్పింపబడి దాని “శోధ్‌గంగ” భాండాగారమునకు చేరుచున్నవి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన “వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్” పథకము మూడేండ్లకు 6000 కోట్ల రూపాయలతో, 30 మంది ప్రచురణకర్తల సుమారు 13,000 పరిశోధన పత్రికలను దాదాపు 6300 ప్రభుత్వ విద్యాసంస్థలకు ఒక్క ఒప్పందముతో అందించుచున్నది. పులివెందుల విద్యార్థి, ఢిల్లీ విద్యార్థి ఒకే పత్రికను ఒకేనాడు చదువుట వేఱు వేఱు బేరములతో సాధ్యమగునది కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయమున రూపొంది, కేంద్ర విద్యాశాఖ ఆదరణతో దేశములోని పెక్కు సంస్థలకు విస్తరించిన “సమర్థ్” సాఫ్ట్‌వేరు, ప్రవేశములు మొదలు పింఛనుల వరకు నలువదికి పైబడిన విభాగములతో సిద్ధముగా నున్నది. ఉన్నదానిని పుచ్చుకొనుటలో కొంత స్వేచ్ఛ పోవును; నిజమే. కాని చిన్న విశ్వవిద్యాలయము స్వంతముగా సాఫ్ట్‌వేరు కట్టించుకొనుటలో పోవు స్వేచ్ఛ అంతకంటె ఎక్కువ. అది ఒక్క ప్రోగ్రామరు చేతిలో చిక్కును, ఆతడు బెంగుళూరుకు పోయిననాడు పాస్‌వర్డులు ఆతనితోపాటు రైలెక్కును.

నెట్‌వర్కు చరిత్రలో మన సీమకు ఒక చిన్న గౌరవము కలదు. ఉన్నత విద్యకు సమాచార సాంకేతికతను చేర్చు జాతీయ పథకము 2009 ఫిబ్రవరి 3 న తిరుపతిలో ప్రారంభింపబడెను. విశ్వవిద్యాలయమునకు సెకనుకు ఒక గిగాబిట్ మార్గము, కళాశాలకు 512 కిలోబిట్ల కనెక్షనులు కొన్ని, ఖర్చులో ముప్పాతిక కేంద్రము భరించుట, ఇది నాటి ఏర్పాటు. మఱుసటి యేట జాతీయ విజ్ఞాన నెట్‌వర్కు మంజూరయ్యెను. నాడు ఘనమనిపించిన 512 కిలోబిట్లు నేడు విద్యార్థి జేబులోని ఫోనుకంటె ఎన్నో రెట్లు మందము. కావున ప్రణాళికలో వేగమును అంకెగా వ్రాయక, “ఇంతమంది ఒకేసారి వీడియో పాఠము చూడగలుగవలెను” అని ఫలముగా వ్రాయుట మేలు. 2020 లో కరోనా వచ్చి కళాశాలలు మూతపడినపుడు కళాశాల మార్గము ఎంత వెడల్పైనను ప్రయోజనము లేకపోయెను. కొండకు ఆవలివైపునున్న పల్లెలో సిగ్నలు అందక మిద్దెలెక్కిన పిల్లలకు కావలసినది, పాఠమును ముందుగా దించుకొని తరువాత చూచు సదుపాయము. ఇడుపులపాయలో ల్యాప్‌టాపులోనికి పాఠము నెక్కించి ఇచ్చిన పాత పద్ధతి, నాడు మఱల తెలివైనదిగా కనబడెను.

ఢిల్లీ మార్గదర్శకములలో కనబడని సంగతి యొకటి ఎర్రగుంట్ల వారికి వేఱుగా చెప్పనక్కఱలేదు: దుమ్ము. నాపబండలు కోయు ఫ్యాక్టరీలు, సున్నపురాతి గనులు, సిమెంటు లారీలు, విద్యుత్కేంద్రపు బూడిద కలిసి ఎగయు ధూళి సర్వరు ఫ్యానులో పేరుకొనినచో యంత్రము వేడెక్కును. వేసవిలో నలువది డిగ్రీలు దాటు ఎండ తక్కినపని ముగించును. 1650 మెగావాట్ల విద్యుత్కేంద్రము కనుచూపుమేరలో నుండగా కరెంటు కోతకు భయపడుట హాస్యాస్పదముగా తోచునేమో గాని, గాలివానకు ఒక్క తీగ తెగినను సర్వరు ఆగును, యు.పి.ఎస్. బ్యాటరీలకు మూడేండ్లకొకమారు డబ్బు కేటాయింపవలెను. ప్రతి కళాశాలలో ఒక చల్లని గది కట్టి, దానికొక ఏ.సి., దానికొక కాపలాదారుని పెట్టుటకంటె, ముఖ్యమైన సర్వర్లను ఒకటి రెండు భద్రమైన చోట్లకు చేర్చి, తక్కిన చోట్ల తెరలు మాత్రము ఉంచుట మేలను వాదము ఈ సీమలో దుమ్ము వలననే గెలుచును.

ధనమును గూర్చి కుండబద్దలు కొట్టి చెప్పవలెను. 2013 లో ఉన్నత విద్యకై వచ్చిన రూసా అను కేంద్ర పథకము వంటివి ఒక్కమారు ఇచ్చు నిధులు. వానితో భవనము, ప్రయోగశాల, కంప్యూటర్లు వచ్చును. రాష్ట్రము ఇచ్చు బ్లాకు గ్రాంటులో అధిక భాగము జీతములకు, పింఛనులకు సరి. సాఫ్ట్‌వేరునకు ఏటేట చెల్లింపవలసిన నిర్వహణ రుసుము (ఏ.ఎం.సి.) సాధారణముగా కొన్న వెలలో ఆఱవవంతో అయిదవవంతో ఉండును. అయిదాఱు ఏండ్లలో మఱియొకసారి కొన్నంత పని. ఈ ఖర్చు ఏ పద్దు క్రింద వచ్చునో వ్రాయని కొనుగోలు ప్రతిపాదనను ఆర్థికాధికారి తిరుగగొట్టవలెను. అట్లు తిరుగగొట్టు అధికారిని నిందించుట మన అలవాటు. నిజమునకు ఆయనయే ప్రణాళికాకర్త.

భద్రత సంగతి నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయమువారు 2019 డిసెంబరులో క్రిస్మసుకు ముందు అనుభవించిరి. అక్టోబరులో ఎవరో ఉద్యోగి తెఱచిన ఒక ఈమెయిలు ద్వారా దొంగలు లోనికి చొచ్చి, రెండు నెలలు నిశ్శబ్దముగా తిరుగాడి, ఒక రాత్రి సర్వర్లకు తాళములు వేసిరి. బ్యాకప్పులు కొన్ని అదే నెట్‌వర్కులో ఉండుటచేత అవియు చిక్కినవి. పరీక్షలు దగ్గఱపడుటచే విశ్వవిద్యాలయము 30 బిట్‌కాయిన్లు, అనగా సుమారు రెండు లక్షల యూరోలు చెల్లించి విడిపించుకొనెను. మన దేశమున 2022 ఏప్రిలులో కంప్యూటరు భద్రతను చూచు సెర్ట్-ఇన్ సంస్థ ఇచ్చిన ఆదేశము ప్రకారము ఇట్టి దాడి కనబడిన ఆఱు గంటలలో ఆ సంస్థకు తెలియజేయవలెను; 2023 లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. ఆదివారము రాత్రి ఆఱు గంటల గడువులో తెలియజేయుటకు ఆ రాత్రి మేల్కొనియుండువాడు ఒకడు కావలెను. ఒక్కొక్క విశ్వవిద్యాలయము తనకై నలుగురిని వేఱుగా జీతమిచ్చి పెట్టుకొనలేదు. నాలుగు కలిసి నలుగురిని పెట్టుకొన్నచో వంతులవారీగా ఇరువదినాలుగు గంటలును కాపలా కుదురును. అట్లే ఒకరి బ్యాకప్పు మఱియొకరి ప్రాంగణమున, నెట్‌వర్కునుండి విడదీసి, భద్రపఱచుకొనవచ్చును.

భద్రపఱచుట యన్నప్పుడు కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రమును తలపక తప్పదు. 1820 లో కడపకు వచ్చిన బ్రౌను దొర నివసించిన తావున, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలతో వెలసిన ఆ గ్రంథాలయము నేడు యోగి వేమన విశ్వవిద్యాలయపు రక్షణలో నున్నది. అచటి తాటాకులు వ్రాసినవాని మునిమనుమల మునిమనుమలు చూచునట్లు నిలిచినవి. ఇరువదియేండ్ల క్రిందటి ఫ్లాపీ డిస్కును చదువుటకు నేడు యంత్రము దొరకుట కష్టము. తాటాకులను స్కాన్ చేయుట సగము పని. ఆ ఫైళ్ళను అయిదేండ్లకొకమారు క్రొత్త రూపములోనికి మార్చు బాధ్యత ఒక పదవికి అప్పగించుట తక్కిన సగము.

ఇన్నిటిని కలిపి నడపు అధికారము ఎవరికున్నది? విశ్వవిద్యాలయముల సమన్వయమునకై 1988 లోనే చట్టము చేసి ఉన్నత విద్యామండలిని నెలకొల్పిన రాష్ట్రము మనది. విభజన తరువాత ఆ మండలి నిధుల వివాదము 2016 లో సుప్రీం కోర్టు వఱకు పోయినదే గాని, మండలి నిలిచినది. అయినను పశువైద్య విశ్వవిద్యాలయము పశుసంవర్ధక శాఖ పరిధిలోనిది. ట్రిపుల్ ఐటీకి స్వంత చట్టము కలదు. అందఱును ఒకే గొడుగు క్రిందికి వచ్చువఱకు వేచియుండినచో, ఎర్రగుంట్ల–నంద్యాల రైలుమార్గము వలె ఇరువది యేండ్లు పట్టును. కాబట్టి చట్టము మార్చనవసరము లేని పనితో మొదలుపెట్టుట యుక్తము. నా యెఱుకలో అట్టి పని పేర్ల సవరణ. పదవ తరగతి ఫలితములు వచ్చిన పిమ్మట, జూను ప్రవేశములకు ముందు, ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో ఒక్కొక్క బల్ల వేసి, పిల్లవాని మెమో, ఆధార్, బ్యాంకు పుస్తకము మూడును ప్రక్కప్రక్కన పెట్టి సరిచూచి, తేడా యున్నచో ఏది దిద్దుకొనవలెనో, ఎచట దిద్దుదురో అచటనే చెప్పి పంపవచ్చును. సరియైన పేరునకు అచట వేసిన ముద్రను నాలుగు విశ్వవిద్యాలయములును అంగీకరింపవలెను. దీనికి క్రొత్త సాఫ్ట్‌వేరు అక్కఱలేదు. బల్లకు ఇద్దఱు గుమాస్తాలు, ఒక కంప్యూటరు, నలుగురు రిజిస్ట్రారులు సంతకము చేసిన ఒక్క ఉత్తర్వు కావలెను.